మేకప్ ఆర్టిస్టుకు ఇవ్వకూడని సలహాలు

బ్రైడల్ మేకప్ బోర్డు లేని బజారు మదనపల్లెలో ఇప్పుడు వెతికినా దొరకదు. పుంగనూరులో, కుప్పంలో కూడా అంతే. ముహూర్తాల నెలల్లో కోడి కూయకముందే మేకప్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, బైకు వెనక కూర్చుని కల్యాణ మండపాలకు పోయే ఆడపిల్లలు కనిపిస్తారు. వాళ్ళలో కొందరికి సినిమా మీద, సీరియళ్ళ మీద మనసుంది. హార్స్‌లీ కొండ మీద షూటింగ్ అంటే జనమంతా హీరోను చూడటానికి పోతారు. వీళ్ళు మాత్రం షాటుకు షాటుకు మధ్య హీరో ముఖానికి చెమట అద్దే మనిషిని చూస్తారు.

అట్లాంటి పిల్ల ఇంట్లో నోరు విప్పిందంటే సలహాలు మొదలవుతాయి. మేనమామ ఒకటి చెబుతాడు, పార్లర్ అక్క ఇంకొకటి చెబుతుంది, హైదరాబాదులో నాకు తెలిసినోళ్ళున్నారనే అన్న మరొకటి చెబుతాడు. ఎవరూ చెడు కోరి చెప్పరు. అయినా వాటిలో ఎక్కువ భాగం ఆ పిల్ల కష్టానికి ధర లేకుండా చేసేవే. ఆ సలహాలేవో, ఎందుకు వినకూడదో, వాటి బదులు ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. పని చేసే పిల్లలతో పాటు వాళ్ళకు తోడు నిలవాలనుకునే ఇంటివాళ్ళూ, వాళ్ళను పనికి పిలిచేవాళ్ళూ చదవాలని నా కోరిక.

అన్నిటికంటే ముందు వినపడేది ఇది: “ఫస్ట్ సినిమా కదా, దుడ్లు అడగొద్దు మే. పేరొస్తే వాళ్ళే ఇస్తారు.” షార్ట్ ఫిల్ములు, యూట్యూబ్ సిరీస్‌లు, ఆల్బమ్ పాటలు తీసేవాళ్ళు మన చుట్టుపక్కల కూడా పెరిగారు. స్నేహితులంతా కలిసి, ఎవరికీ రూపాయి లేకుండా తీసుకునే సినిమాకు ఊరికే చేసిపెట్టడంలో తప్పేమీ లేదు. కానీ కెమెరాకు అద్దె కడుతున్నారా, లైట్లకు, జనరేటర్‌కు, భోజనాలకు ఇస్తున్నారా అని అడిగి చూడండి. వాటికి ఇస్తుంటే మేకప్‌కూ ఇవ్వాల్సిందే. సాయంత్రమయ్యేసరికి కెమెరా అద్దె షాపుకు తిరిగి పోతుంది. ముఖానికి పూసిన ఫౌండేషన్ తిరిగి డబ్బాలోకి రాదు. దూది, స్పాంజి, గమ్, పౌడర్ అన్నీ ఆ రోజుకు ఆ రోజు ఖర్చయిపోయే సరుకే. అందుకే రేటు చెప్పేటప్పుడు కూలి, సరుకు, ప్రయాణం–బత్తా మూడూ విడివిడిగా చెప్పాలి. మూడూ కలిపి ఒకే అంకె చెబితే బేరంలో తెగిపోయేది కూలే. ఇక పేరు సంగతి. డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా టైటిల్స్‌లో పేరు పడటం పని చేసిన మనిషి హక్కు. డబ్బుకు బదులు పేరు అనే బేరానికి ఒప్పుకోవద్దు.

“పెద్ద కంపెనీ వాళ్ళు, నోటి మాట చాలు, కాగితం అడిగితే మళ్ళీ పిలవరు” అనే సలహా ఇంకా నష్టం చేస్తుంది. సినిమా కార్మికుడితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలని మన దేశంలో 1981లోనే చట్టం వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో వృత్తి భద్రత, ఆరోగ్యానికి సంబంధించిన కోడ్ ఆ చట్టం స్థానంలోకి వచ్చింది. పాత చట్టం సినిమా వరకే ఆగిపోయింది. కొత్త కోడ్ టీవీ, వెబ్ సీరియళ్ళు, రియాలిటీ షోలు, ప్రకటనలను కూడా లెక్కలోకి తీసుకుని, వాటిలో పని చేసేవాళ్ళను ఆడియో విజువల్ వర్కర్లు అంది. ప్రభుత్వం నోటిఫై చేసే వేతన పరిమితికి లోబడినవాళ్ళను, కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్నా సరే, రాతపూర్వక ఒప్పందం లేకుండా పనిలోకి తీసుకోకూడదు. కాబట్టి కాగితం అడగడం పొగరు కింద లెక్క కాదు.

మన చేతిలో ఆధారం ఉండటానికి స్టాంపు పేపరు, లాయరు అక్కర్లేదు. “ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఇంతమంది ఆర్టిస్టులకు మేకప్, హెయిర్. రోజుకు ఇంత. ఇన్ని గంటలు దాటితే ఇంత. సరుకు ఖర్చు ఇంత. సగం అడ్వాన్స్, మిగతాది ప్యాకప్ అయిన ఇన్ని రోజుల్లో. షూటింగ్ రద్దయితే ఇంత” అని ప్రొడక్షన్ మేనేజర్‌కు వాట్సాప్‌లో పంపి, “ఓకే” అని జవాబు వచ్చాకే బస్సెక్కాలి. ఆ జవాబును ఫోన్‌లోంచి తుడిచేయకుండా దాచుకోవాలి.

సొంతంగా పని చేసుకునేవాళ్ళకు ఇంకొక ఆసరా ఉంది. దాన్ని గురించి మన ఊళ్ళలో ఎవరూ చెప్పరు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఒక మనిషి, ఒక పెట్టె ఉన్న వ్యాపారం కూడా సూక్ష్మ సంస్థ కిందికి వస్తుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం అట్లాంటి సంస్థకు ఇవ్వాల్సిన డబ్బును, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా సరే, 45 రోజుల్లోపు ఇచ్చేయాలి. ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే అది రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పోతుంది. పని ఒప్పుకోకముందే రిజిస్ట్రేషన్ చేయించి పెట్టుకోవాలి. బాకీ మొండికేశాక చేయిస్తే పాత బిల్లుకు అది పని చేస్తుందా లేదా అన్న వాదన మొదలవుతుంది.

“ఆడపిల్లవి, జడలు వేసుకో. మేకప్ మగవాళ్ళ పని.” ఈ సలహాకు చాలా పెద్ద చరిత్ర ఉంది కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. ముంబైలోని సినీ కాస్ట్యూమ్, మేకప్ ఆర్టిస్టులు, హెయిర్ డ్రెస్సర్ల సంఘం దశాబ్దాల తరబడి ఆడవాళ్ళకు మేకప్ ఆర్టిస్టుగా కార్డు ఇవ్వలేదు. హెయిర్ డ్రెస్సర్ కార్డు మాత్రమే ఇచ్చేది. ఆడవాళ్ళు వస్తే మగవాళ్ళ కూడు పోతుందనేది వాళ్ళు చెప్పిన కారణం. చారు ఖురానా అనే ఆర్టిస్టు అమెరికాలో సినిమా మేకప్ చదువుకుని వచ్చారు. ఆమె కార్డు అడిగితే కుదరదన్నారు. కార్డు లేకుండా పని చేసిందని జరిమానా వేశారు. ఆమె, ఆమెతో పాటు మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2014 నవంబరు 10న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ యు.యు. లలిత్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆడవాళ్ళను అడ్డుకునే నిబంధననూ, మహారాష్ట్రలో ఐదేళ్ళు నివాసం ఉండి తీరాలన్న నిబంధననూ కొట్టేసింది.

ఆ రెండో నిబంధన మన పిల్లలకు మరీ ముఖ్యం. కుప్పం అమ్మాయి బెంగళూరులోనో, చెన్నైలోనో, హైదరాబాదులోనో పని అడిగితే నువ్వీ ఊరి మనిషివి కాదు పొమ్మనే మాటకు దేశపు అత్యున్నత న్యాయస్థానం అప్పుడే జవాబు చెప్పింది. ఆ తీర్పు సంఖ్యను ఫోన్‌లో రాసి పెట్టుకోండి: 2013 నాటి రిట్ పిటిషన్ సివిల్ 73, చారు ఖురానా వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా.

మేకప్ గది ఎంత దూరం తీసుకుపోగలదో మనవాళ్ళకు తెలియనిది కాదు. ఎన్టీఆర్‌కు, ఎంజీఆర్‌కు రంగు వేసిన పీతాంబరం కొడుకే దర్శకుడు పి. వాసు. విజయశాంతికి మేకప్ వేసిన ఎ.ఎం. రత్నం 1990లో ‘కర్తవ్యం’ తీసి నిర్మాత అయ్యారు. అదే దశాబ్దాల్లో అదే పని వచ్చిన ఆడమనిషికి మొదటి మెట్టు దగ్గరే తలుపు వేశారు. ఎంతమంది ఆ తలుపు దగ్గర్నుంచి తిరిగి పోయారో మనకు తెలియదు, వాళ్ళ పేర్లు ఏ టైటిల్స్‌లోనూ పడలేదు కాబట్టి. ఈ పనిని మగది, ఆడది అని పంచి పెట్టే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు.

కార్డు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. “ఒకాయన ఉన్నాడు, దుడ్లు కడితే కార్డు తెప్పిస్తాడు.” కట్టవద్దు. యూనియన్ సభ్యత్వానికి డబ్బు కట్టాలంటే యూనియన్ ఆఫీసులోనే కట్టి రసీదు తీసుకోవాలి. యూనియన్ మాత్రం అవసరమే. 2025 ఆగస్టులో తెలుగు ఫిల్మ్ ఎంప్లాయీస్ ఫెడరేషన్ సమ్మెకు దిగి, రెండు వారాలకు పైగా షూటింగులు ఆపి, మూడేళ్ళలో 22.5 శాతం దాకా కూలి పెంపు సాధించుకుంది. అడిగింది 30 శాతం. ఒంటరిగా నిలబడి మేనేజర్‌ను అడిగే పిల్లకు ఆ బలం ఉండదు.

ఇప్పుడు పనికి సంబంధించిన సలహా. “ఎవరొచ్చినా తెల్లగా చేసెయ్, అదే మేకప్.” పెళ్ళి కూతుళ్ళకు ఇదే చేసి చేసి చాలామంది చేతులు దానికే అలవాటు పడ్డాయి. మదనపల్లె ఎండలో పెరిగిన చామనఛాయ ముఖానికి రెండు షేడ్లు ఎక్కువ పూస్తే కెమెరాలో బూడిద రాసినట్టు కనపడుతుంది. మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు, చేతులు మరొక రంగు. జింక్, టైటానియం ఉన్న సన్‌స్క్రీన్లు ఫ్లాష్ వెలుగులో తెల్లమచ్చలుగా తేలతాయి. పెళ్ళి ఫోటోల్లో ఇట్లాంటి లోపాలను ఆల్బమ్‌లో సర్దేస్తారు. సీరియల్‌లో సర్దరు, రోజుకు అన్ని నిమిషాల ఫుటేజీలో ఎవరికీ ఆ తీరిక ఉండదు. మనిషి రంగును మనిషికి ఉంచి, చర్మం కింది పసుపు ఛాయో ఎరుపు ఛాయో గుర్తుపట్టి, దవడ దగ్గర పరీక్షించి, షూటింగ్ జరిగే లైటు కిందే చూసి వేయడం నేర్చుకోవాలి. నలుపును తెలుపు చేయమని అడిగే దర్శకులున్నారు, తెల్లని హీరోయిన్‌కు నల్లరంగు పూసి పల్లెటూరి పిల్లను చేయమనే దర్శకులూ ఉన్నారు. రెండూ మన ముఖాలకు చేసే అవమానమే అని నేననుకుంటాను. మేకప్ వేసే మనిషి ఆ మాట మర్యాదగానైనా ఒకసారి చెప్పి తీరాలి.

దీనికి ఆనుకునే ఇంకో మాట అంటారు: “భారతం వేషగాళ్ళ రంగులో నేర్చుకునేదేముంది?” చాలా ఉంది. మన పక్క ఎండాకాలంలో ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం జరిగినన్ని రోజులూ పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం, చివర దుర్యోధన వధ, అగ్నిగుండం. ఆ నటులు తమ ముఖానికి తామే రంగు వేసుకుంటారు. తెల్లారేదాకా చెమటలో తడిసినా మీసం ఊడకుండా అంటించడం, గంతులేసినా కిరీటం కదలకుండా కట్టడం, దూరాన కూర్చున్న ముసలమ్మకు కూడా కోపం కనపడేటట్టు కనుబొమ్మ దిద్దడం వాళ్ళకు తెలుసు. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, మాతంగి వేషం అని రోజుకొక వేషం కడతారు. 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప 2’ జాతర సన్నివేశంలో దేశమంతా చూసింది ఆ సంప్రదాయాన్నే. పక్క ఊళ్ళో రాత్రి నాటకం ఉంటే సాయంత్రమే పోయి, రంగు వేసుకునేచోట కూర్చోండి. ఒక్క జాగ్రత్త: పాతకాలపు అర్దళం ఆర్సెనిక్ ఉన్న ఖనిజం, దాన్ని ఎవరి చర్మానికీ పూయొద్దు. వాళ్ళ పద్ధతి నేర్చుకోండి, రంగు మాత్రం మంచి కంపెనీది వాడండి. వీలైతే ఆ వేషగాళ్ళకూ మంచి రంగు పరిచయం చేయండి.

“అప్పు చేసైనా పెద్ద కిట్ కొను.” వద్దు. వచ్చిన పనికి కావలసింది కొనుక్కుంటూ పోవాలి. బ్రాండు పేరుతో సగం ధరకు దొరికే నకిలీ సరుకు మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. కొత్త గమ్, లేటెక్స్, జుట్టు రంగు ఏదైనా ముందు రోజు చెవి వెనకో, మోచేతి మడతలోనో రాసి చూడాలి. నల్ల హెయిర్ డైలలో ఉండే పీపీడీ కొందరికి ముఖమంతా వాచేలా చేస్తుంది. ఒకరి కంటికి వాడిన మస్కారా బ్రష్షు ఇంకొకరికి వాడొద్దు.

“పెళ్ళి పనులు మానెయ్, లేకపోతే సినిమావాళ్ళు చిన్నచూపు చూస్తారు.” మానొద్దు. సినిమా డబ్బు ఆలస్యమైన నెలలో ఇల్లు గడిపేది పెళ్ళి పనే. కాకపోతే పెళ్ళి మేకప్‌కు అక్కర్లేని విద్యలు కొన్ని సినిమాకు కావాలి. సీన్ నంబరు రాసి ముందు నుంచీ రెండు పక్కల నుంచీ ఫోటో తీసి పెట్టుకోవడం, పదిహేను రోజుల తర్వాత కూడా అదే గాటు అదే చోట వేయడం, వయసు పెంచడం, విగ్గు అంచు కనపడకుండా అతకడం. ఇట్లాంటి విద్యకే తెలుగులో ‘అ!’ సినిమాకు 66వ జాతీయ అవార్డుల్లో రంజిత్ ఉత్తమ మేకప్ పురస్కారం అందుకున్నారు. 1954 నుంచి ఇస్తున్న జాతీయ అవార్డుల్లో మేకప్‌కు చోటు దక్కింది 2006 సినిమాల నుంచే. ఆస్కార్‌లో అది 1981 సినిమాల నుంచే ఉంది. ఈ పనిని కళగా ఒప్పుకోవడానికి మనం తీసుకున్న కాలం అది.

“హైదరాబాదు పోతేనే బతుకు.” పోవచ్చు. అయితే కుప్పం రైల్వే స్టేషన్‌లో నిలబడి ఈ మాట అనేవాళ్ళకు మ్యాపు చూపించాలి. బెంగళూరు దగ్గర, చెన్నై దగ్గర, దూరంగా ఉన్నది హైదరాబాదే. కుప్పం పిల్లలకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ నోట్లో ఆడతాయి. పుంగనూరు వాళ్ళకూ కన్నడం కొత్త కాదు. తెలుగు సీరియళ్ళలో హీరోయిన్లుగా కన్నడ అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో రాత్రి టీవీ పెట్టే ప్రతి ఇంటికీ తెలుసు. తెల్లవారుజామున అద్దం ముందు కూర్చున్న ఆ అమ్మాయితో ఆమె భాషలో మాట్లాడగలిగిన ఆర్టిస్టును ఆమె వదులుకోదు. సరిహద్దు ఊళ్ళో పుట్టడం లోటని పిల్లలకు నేర్పకండి.

చివరికి మిగిలినవి రెండు సలహాలు, రెండూ ప్రేమతో చెప్పేవే. “సెట్లో టైం చూడకు”, “బయట పనికి పోయినప్పుడు నీళ్ళు తక్కువ తాగు.” ఆర్టిస్టు ఆరింటికి కెమెరా ముందు ఉండాలంటే మేకప్ మనిషి నాలుగింటికే లేచి ఉండాలి. ప్యాకప్ అయ్యాక విగ్గు తీసి, రంగు తుడిచి, బ్రష్షులు కడిగి అందరికంటే చివర బయలుదేరేదీ ఆమే. అమెరికాలో మేకప్, హెయిర్ వాళ్ళకు 1937లోనే లోకల్ 706 అనే యూనియన్ ఏర్పడి గంటల లెక్క నిలబెట్టింది. ఇక్కడ ఆ లెక్క మన డైరీలో మనమే రాసుకోవాలి, వచ్చిన సమయం, పోయిన సమయం. రాత్రి దాటితే ఇంటిదాకా బండి కంపెనీదే అని ముందే మాట తీసుకోవాలి. ఏడాదికి 20 రూపాయలు బ్యాంకులో కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాదంలో ప్రాణం పోయినా పూర్తి వైకల్యం వచ్చినా రెండు లక్షలు ఇస్తుంది, అది ఈ వారమే చేయించండి.

నీళ్ళ సంగతి కేరళలో సినిమా రంగపు ఆడవాళ్ళ కష్టాలను విచారించిన జస్టిస్ హేమ కమిటీకి ఆడవాళ్ళు చెప్పుకున్నారు. సెట్లలో మరుగుదొడ్డి లేక, గంటల తరబడి నీళ్ళు తాగక, జబ్బుల పాలైన సంగతులు 2019లో ఇచ్చిన ఆ నివేదికలో ఉన్నాయి. అది బయటికి రావడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. వేధింపుల మాట కూడా అందులోనే ఉంది. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం కంపెనీ పంపిన కారు కూడా పనిచోటే. పదిమంది కంటే తక్కువ పని చేసేచోట, లేదా యజమాని మీదే ఫిర్యాదైతే, జిల్లాలోని లోకల్ కమిటీకి మూడు నెలల్లోపు రాసివ్వొచ్చు. ఆ పిల్లను నోరు మూసుకోమనకుండా ఫిర్యాదు రాసేటప్పుడు పక్కన కూర్చోవడం ఇంటివాళ్ళు చేయగలిగిన సాయం.

మీ ఇల్లో, తోటో, కల్యాణ మండపమో షూటింగ్‌కు అద్దెకిచ్చేవాళ్ళు మీలో ఉంటే ఒక మనవి. ఆ అద్దె కాగితంలో ఆడవాళ్ళకు విడిగా మరుగుదొడ్డి, మేకప్ వేసుకోవడానికి గాలీ వెలుతురూ ఉన్న గది ఇవ్వాలని మీరే ఒక వాక్యం రాయించండి. అడగడానికి భయపడే పిల్ల తరఫున ఆ మాట అనగలిగిన మనిషి ఆ రోజు మీరే.